బొట్టు పెట్టని దోటి

మా ఆయన లక్ష్మీనారాయణకు మాట్లాడకుండా పంక్చరు వేయడం వచ్చేది కాదు. నూజివీడు బస్టాండు వెనక సందులో ఆయనకు సైకిల్ షాపు ఉండేది. ట్యూబును నీళ్లలో ముంచి బుడగ ఎక్కడొస్తుందో వెతికే రెండు నిమిషాల్లోనే గాలి ఎందుకు పోయిందో, రబ్బరు ఎక్కడి నుంచి వస్తుందో, ముళ్లన్నింటిలోకీ తుమ్మముల్లు ఎందుకు చెడ్డదో చెప్పేసేవారు. పంక్చరు పావుగంట, పాఠం అరగంట. తొందరున్నవాళ్లు ఇంకో షాపుకు పోయేవాళ్లు. తొందర లేనివాళ్లు సైకిలు లేకపోయినా వచ్చి బల్ల మీద కూర్చునేవాళ్లు.

నా పేరు రాజ్యం. దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. పొద్దంతా పిల్లల ముందు మాట్లాడి ఇంటికొచ్చేసరికి నా దగ్గర మాటలు అయిపోయేవి. ఆయనకు అప్పుడే మొదలయ్యేవి. మా కాపురం అలా సరిపోయింది.

సైకిలు లేకుండా వచ్చి కూర్చునేవాళ్లలో బుచ్చయ్య ఒకడు. అంతకుముందు అతనికి కూర్చునే తీరిక ఉండేది కాదు. మామిడి చెట్లెక్కి కాయ కోసేవాళ్లలో అతని పేరు చింతలపూడి దాకా తెలుసు. కొమ్మ చివరికంటా పాకి, కాయకు బెత్తెడు తొడిమ ఉంచి, సొన చుక్క తొక్క మీద పడకుండా కోసేవాడు. ఎనభై అయిదు వేసవిలో జగన్మోహనరావు గారి తోటలో ఒక ముసలి రసాల చెట్టు మీద చూసుకోకుండా ఎర్రచీమల గూటి మీద చెయ్యేశాడు. చీమలు మోచేతి దాకా పాకాయి. దులుపుకోబోయి రెండు చేతులూ వదిలేశాడు. కింద పడ్డ తర్వాత కూడా చీమల్ని తిడుతూనే ఉన్నాడట. ఎడమకాలు అతుక్కుంది కానీ కుడికాలి కంటే రెండంగుళాలు పొట్టిదయింది.

ఎనభై ఆరులో తోటలు పూత మీదున్న రోజుల్లో, కాయకోత ముఠా మేస్త్రి రాములు సైకిలుకు గాలి కొట్టించుకోవడానికి వచ్చాడు. బుచ్చయ్య బల్ల మీదే ఉన్నాడు.

"ఈ ఏడు బుచ్చయ్యను తీసుకెళ్తున్నావా కోతకు?" అని మా ఆయన అడిగారు.

"చెట్టెక్కితే ఈ నిమిషాన తీసుకెళ్తానండీ. కింద నుంచే కోస్తానంటే, చెట్టు మీదున్నోడు ఎంత కోస్తాడో అంత కోయాలి. పదకొండు మందిమి కూలి సమానంగా పంచుకునేవాళ్లం. ఒకడు వెనకబడితే మిగతావాళ్ల నోట్లో మట్టేగా." ఇదంతా రాములు గాలి పంపు వైపు చూస్తూ చెప్పాడు. "గేటు దగ్గర కాపలా కూర్చోమన్నా. వినడు."

"కాపలా ముసిలోళ్లకి. నాకు ముప్పై నాలుగు" అన్నాడు బుచ్చయ్య.

"అరవై నాలుగోడిలా మూలుగుతావుగా మరి!" అన్నారు మా ఆయన.

బుచ్చయ్య నవ్వాడు కానీ రాములు నవ్వలేదు. "పెద్దకోత మొదలయ్యేదాకా చూస్తా బుచ్చయ్యా. ఆపైన నన్ననమాక" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. పెద్దకోతంటే మే నెల మొదటి వారం, రసాలు ముదిరే రోజులు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో నా సుద్దముక్క తీసుకుని వంటింటి గచ్చు మీద ఒక పొడుగాటి గీత గీశారు. అది దోటి. మా వైపు పెరట్లో మామిడి చెట్టున్న ప్రతి ఇంట్లోనూ దోటి ఉంటుంది. వెదురుకర్ర చివర ఇనుప కొక్కెం, దాని కింద కాయ పడటానికి చిక్కం అనే చిన్న వల. ఇంటి అవసరానికి అది చాలు. తోటకు చాలదు. కొక్కెంతో లాగితే తొడిమ తెగదు, ఊడుతుంది. ఊడినచోట సొన కారి తొక్క నల్లబడుతుంది. నల్లబడిన కాయను బేరగాళ్లు పక్కన పడేస్తారు. పైగా చిక్కంలో మూడు కాయలు పడగానే అంత కర్రా దించాలి, మళ్లీ ఎత్తాలి.

"సైకిలు బ్రేకు, రాజ్యం!" అన్నారు ఆయన. "కింద బ్రేకు నొక్కితే వైరు లాగుతుంది. పైన బ్లేడు మూసుకుంటుంది. తొడిమ తెగుతుంది. ఇంతే!"

"ఇంతే" అన్నాక దాని గురించి ఇంకో గంట చెప్పారు.

నెలన్నర పట్టింది దానికి. కొండపల్లి అడవి నుంచి తెచ్చిన వెదురని ఒకడు చెబితే, అతని దగ్గర నిటారైన కర్ర కొన్నారు. కొత్త బ్రేకు, కొత్త వైరు, కత్తెరలా మూసుకునే రెండు బ్లేడ్లు. కర్రకు ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేసి, చివర ఎర్రగా గీత కూడా పెట్టారు. ఉగాదికి ముందు శుక్రవారం నాడు దాన్ని రిక్షాకు అడ్డంగా కట్టి జగన్మోహనరావు గారి తోటకు తీసుకెళ్లాం. రిక్షాకు ఎదురొచ్చిన వాళ్లందరూ పక్కకు వంగారు.

అప్పుడు తోటలో ఊరగాయ కాయలు కొద్దికొద్దిగా కోస్తున్నారు. ముఠా అంతా అక్కడే ఉంది. కొత్త పనిముట్టు కదా, మామూలుగా ఏం చేస్తామో అదే చేశాం. చెట్టుకు ఆనించి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. అందరూ చెప్పులు విడిచి దండం పెట్టారు. తర్వాత మా ఆయన అరగంటసేపు అది ఎలా పనిచేస్తుందో చెప్పారు. తోట యజమాని జగన్మోహనరావు గారు కుర్చీలో కూర్చుని విని, "మంచి బుర్రయ్యా నీది" అన్నారు. చివరికి దోటి బుచ్చయ్య చేతికొచ్చింది. ఒక కాయ కోశాడు, రెండో కాయ కోశాడు. మూడోదానికి కర్ర ఊగి పక్క కొమ్మల్లో చిక్కుకుంది.

"నాదే తప్పండీ. అలవాటు లేక" అన్నాడు.

"బాగుందా?" అని మా ఆయన అందరినీ అడిగారు.

"బ్రహ్మాండంగా ఉందండీ" అన్నారు అందరూ.

ఇంటికొచ్చాక ఆయన రెండు రోజులు ఎవరికీ పంక్చరు పాఠం చెప్పలేదు. దోటి పాఠమే చెప్పారు.

తర్వాతి వారం తోటకు వెళ్లాం. అదీ శుక్రవారమే. చెట్ల కింద పాత దోట్లతోనే కాయలు దించుతున్నారు. ఆకుపచ్చ దోటి ఎక్కడా కనపడలేదు. మోటారు షెడ్డులోకి తొంగి చూస్తే గోడకు నిటారుగా నిలబెట్టి ఉంది. బ్రేకుకు బంతిపూల దండ, కర్రకు తాజా బొట్టు, కింద రెండు అరటిపళ్లు, వాటికి గుచ్చి వెలిగించిన అగరుబత్తి.

మా ఆయన బుచ్చయ్యను పిలిచారు.

"ఇదేంటి బుచ్చయ్యా, దండ వేశారు?"

"శుక్రవారం గదండీ."

"మరి కాయ దేంతో కోస్తున్నారు?"

బుచ్చయ్య చేతిలో ఉన్న పాత దోటిని వెనక్కి పెట్టుకున్నాడు. పదహారు అడుగుల కర్ర వెనక దాగదు కదా.

"నేను చేసింది బాగాలేదా?"

"అయ్యో, బంగారమండీ! సొన పడితే రంగు పోద్దని దాచామంతే."

షెడ్డు పక్కనే సవరమ్మ గంపలో కాయలు సర్దుతోంది. కోసిన కాయ ఏరి గంపలకెత్తే పని ఆమెది. అరవై ఏళ్లుంటాయి. ముఠాలో అందరూ ఆమె నోటికి భయపడేవాళ్లు, రాములుతో సహా.

"బాగుంటే గోడకెందుకు ఆనిస్తారు సైకిలు బాబూ?" అంది తలెత్తకుండానే. "బొట్టెట్టేశారు, దండం పెట్టించారు. ఇక దాన్ని పట్టుకుని నువ్వు పనికిరావంటే కళ్లు పోవా మాకు?"

"నువ్వంటున్నావుగా?"

"నేను దండం పెట్టలేదుగా. అప్పుడు నీళ్లకి పోయా."

బుచ్చయ్య "ఊరుకో సవరమ్మా" అని గదిమాడు. ఆమె ఊరుకోలేదు. "మొన్న వీడు దాంతో రోజంతా కుస్తీ పట్టాడు. రెండు గంపలు కూడా దించలా. రాములు చూసి చూసి గేటు దగ్గర మంచం వేయించాడు, అదిగో" అని చూపించింది. గేటు పక్కన కొత్త నులక మంచం ఉంది. దాని మీద ఎవరూ లేరు. బుచ్చయ్య దానివైపు చూడకుండా నిలబడ్డాడు.

పెద్దకోతకు ఇంకా మూడు వారాలుంది.

మర్నాడు పొద్దున మా ఆయన ఇడ్లీలు తింటూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టి చూశాను.

"అందరూ బాగుందన్నారు రాజ్యం. ఒక్కరు కూడా బాగాలేదని చెప్పలేదు."

"మా క్లాసులో నేను లెక్క చెప్పి, 'అర్థమైందా పిల్లలూ' అంటే నలభై మందీ అయిందండీ అంటారు" అన్నాను. "అర్థం కానివాడు అందరికంటే గట్టిగా అంటాడు. అందుకే అడగను. పలక మీద చేసి చూపించమంటాను. ఎక్కడ ఆగాడో చూస్తే ఎక్కడ అర్థం కాలేదో తెలుస్తుంది."

ఆయన ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని నావైపు తిరిగారు. "ఈ మాట నెలన్నర ముందు చెప్పకూడదూ?" అన్నారు.

"మీరు నన్ను మాట్లాడనిస్తేగా!"

ఆ ఒక్క రోజులో ఆయన మూడు దోట్లు కట్టారు. చేశారనడానికి లేదు, కట్టారు. పగిలిన వెదురు, తెగిన వైరు, పాత ట్యూబు ముక్కలు, కొబ్బరితాడు, ఒకదానికి మా ఇంట్లోని డాల్డా డబ్బా. ఒకటి బ్రేకుది, ఒకటి కొక్కానికి పదును పెట్టింది, ఒకటి డబ్బా అంచును కోరలు కోరలుగా కత్తిరించింది. వాటిని చూస్తే కుక్క కూడా మొరుగుతుంది. కావాలనే అలా ఉంచారట.

"ఒకటే తీసుకెళ్తే బాగుందంటారు. మూడు తీసుకెళ్తే ఒకదాన్నన్నా తిట్టాలి గదా" అన్నారు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నాలు నేనూ వెళ్లేదాన్ని. జగన్మోహనరావు గారు భోజనం చేసి పడుకునే వేళ చూసుకుని వెళ్లేవాళ్లం. ఆయన కుర్చీలో ఉంటే ఎవరి నోరూ పెగలదని మొదటి రోజే తెలిసింది. బొట్టు లేదు, కొబ్బరికాయ లేదు. మా ఆయన మూడు దోట్లనూ నేలమీద పడేసి, "వీటిని సాయంత్రం పొయ్యిలో పెడతాం. ఏది ముందు పెట్టాలో చెప్పండి" అన్నారు.

"మూడూ కలిపే పెట్టండి, కట్టెలు ఆదా" అన్నాడు రాములు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతో పని మొదలైంది.

కానీ బుచ్చయ్య డబ్బా దోటి ఎత్తాడో లేదో మా ఆయన, "అలా కాదు, కొంచెం కుడికి... తిప్పు, తిప్పు..." అని మొదలుపెట్టారు. బుచ్చయ్య కాయను వదిలేసి ఆయన ముఖం వైపు చూడసాగాడు. సవరమ్మ నేలమీద రాలిన ఒక పచ్చి పిందెను ఏరి, కొంగుతో తుడిచి, మా ఆయన చేతిలో పెట్టింది.

"బుగ్గన పెట్టుకోండి బాబూ."

"ఎందుకు?"

"మాట్లాడాలంటే కొరకాలి. కొరికారా, పళ్లు పులుస్తాయి. మీ ఇష్టం."

ఆ మూడు వారాలూ మా ఆయన తోటలో పిందె బుగ్గన పెట్టుకునే నిలబడ్డారు. మొదటి రెండు రోజులు ఎంత కొరికారంటే రాత్రికి అన్నం నమలలేక పెరుగులో పిసికి మింగారు. తర్వాత తర్వాత కొరకడం తగ్గింది.

రాసే పని నాది. "నోరేం చెప్పిందో రాయకు, చేతులేం చేశాయో రాయి" అన్నారు. ఒక వందపేజీల నోటుబుక్కు తీసుకుని చెట్టు నీడన కూర్చునేదాన్ని. అది ఇప్పటికీ నా దగ్గరుంది. ఆయన పోయిన ఈ రెండేళ్లలో చాలాసార్లు తెరిచి చదువుకున్నాను. అంత మాటకారి మాట ఒక్కటి కూడా దాన్లో లేదు. పక్కన నిలబడి నోరు మూసుకుని ఆయన చూసినవే ఉన్నాయి.

"బుచ్చయ్య కర్ర ఎత్తగానే అడుగుభాగాన్ని కుడి తుంటికి ఆనించాడు." "బ్రేకు నొక్కడానికి రెండు వేళ్లు తీశాడు, కర్ర జారింది." "కాయ కోసిన ప్రతిసారీ అరచేతిని పంచెకు తుడిచాడు." "మళ్లీ తుంటికి ఆనించాడు." "సొన పడిన చేత్తో బ్రేకు పట్టుకోలేక మోచేత్తో నొక్కాడు." "నాదే తప్పండీ అన్నాడు."

ఆ చివరిది నోటి మాట కదా, రాయనా వద్దా అని అడిగాను. ఆయన పిందె తీసి చేతిలో పట్టుకుని ఆలోచించారు. "రాయి. రాసి కింద గీత కూడా గీయి. వాడు నాదే తప్పన్నచోటల్లా తప్పు కర్రదే" అన్నారు. సాయంత్రానికి ఆ పేజీల్లో పద్నాలుగు గీతలు తేలాయి. అందులో పదకొండు బ్రేకు దోటివి.

ఆ బ్రేకంటే ఆయనకు ప్రాణం. దాన్ని వదల్లేకపోయారు. నాలుగో రోజు ఇక ఉండబట్టక పిందె ఉమ్మేసి, బ్రేకు వైరు ఎలా లాగుతుందో, ఏ వేలు ఎక్కడ పెట్టాలో బుచ్చయ్యకు పూర్తిగా చెప్పారు. చెప్పాక బుచ్చయ్య, "మీరు చెప్తే ఇప్పుడు బాగుందండీ" అన్నాడు. రాములు కూడా బాగుందన్నాడు. నేను పెన్సిలు కింద పెట్టేశాను. ఆ రోజు పేజీ ఖాళీగా ఉంది. దారి పొడుగునా ఆయన, "చెడగొట్టాను గదా రాజ్యం. మళ్లీ బొట్టు పెట్టేశాను గదా" అని గొణుక్కుంటూనే ఉన్నారు.

మర్నాడు తోటకు వెళ్లగానే అందరి ముందూ బ్రేకును విప్పి జేబులో వేసుకున్నారు. బుచ్చయ్య కంగారు పడ్డాడు. "అయ్యో, అంత ఖరీదైంది..."

"ఇది తీసేస్తే నీకు బాగుందా లేదా, నిజం చెప్పు."

బుచ్చయ్య నేల చూశాడు. సవరమ్మ అందుకుంది. "వాడేం చెప్తాడు? ఆ బ్రేకు తీసేశాక వాడి ముఖం చూడండి, తెలుస్తది."

నిజమే, అతని భుజాలు దిగాయి. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. నేను అది కూడా రాశాను.

తర్వాత పని తొందరగా సాగింది. కర్ర అడుగును తుంటికి ఆనిస్తున్నాడు కాబట్టి, అక్కడికే పాత సైకిల్ ట్యూబుతో ఒక జోలెలాంటిది కుట్టి నడుముకు కట్టారు. కర్ర అడుగు దాన్లో కూర్చుంది. బరువు కుడికాలి మీదికి పోయింది, రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. పైన కొడవలి మొనలాంటి పదునైన కొక్కెం ఒక్కటే. బ్రేకు పోయినా ట్యూబు మిగిలిందని మా ఆయన సంతోషించారు.

కానీ మూడు కాయలకోసారి కర్ర దించే బాధ అలాగే ఉంది. దానికి దారి కూడా ఎవరూ చెప్పలేదు, కనపడింది. ఒకరోజు బుచ్చయ్య కాయ కోస్తుంటే, ఎండకు విసిగిపోయిన సవరమ్మ అతను దించేదాకా ఆగలేక, కొంగు పట్టి కింద నిలబడి, "వదిలెయ్, నేను పట్టుకుంటా" అంది. కాయ కొంగులో పడింది. ఇంకొకటి పడింది. మూడోది ఆమె భుజానికి తగిలింది. తిట్లు లంకించుకుంది. మా ఆయన కళ్లు పెద్దవయ్యాయి. బుగ్గన పిందె ఉన్నందున కేకలు పెట్టలేక చేతులతో నాకు సైగలు చేశారు: రాయి, రాయి.

ఆ సాయంత్రం నా పాత నేతచీర ఒకటి పోయింది. దాన్ని పొడవునా గొట్టంలా కుట్టి, చిక్కం అడుగు తీసేసి దానికి తగిలించారు. కోసిన కాయ చీర గొట్టంలో జారి కింద సవరమ్మ చేతిలోకి వస్తుంది. ఒకేసారి జారి దెబ్బ తినకుండా మధ్యలో మూడుచోట్ల దారంతో కుచ్చుపోసి ఇరుకు చేశాం. పది రోజులపాటు అదే చెట్టు దగ్గర, ఊరగాయ కాయలతో, కుట్టి, విప్పి, మళ్లీ కుట్టి చూశాం. రాములు కూడా ఒకరోజు తన పని ఆపి కాసేపు చూశాడు.

పెద్దకోత మొదలయ్యే రోజు తెల్లవారేసరికి తోటలో ఉన్నాం. రాములు ముఠావాళ్లకు తలా ఒక చెట్టు చూపించాడు. చివరికి బుచ్చయ్య దగ్గరకొచ్చి ఒక చిన్న రసాల చెట్టు చూపించి, "నీకిది. చద్దన్నం వేళకు చూస్తా" అన్నాడు. గేటు దగ్గర మంచం అలాగే ఉంది. దాని మీద ఎవరో దుప్పటి కూడా మడిచి పెట్టారు.

బుచ్చయ్య నడుముకు జోలె కట్టుకుని కర్ర ఎత్తాడు. సవరమ్మ చీర చివర పట్టుకుంది. మా ఆయన దూరంగా నిలబడ్డారు. ఆ పాటికి కాయలన్నీ పెద్దవైపోయి బుగ్గన పట్టే పిందె ఎక్కడా దొరకలేదు. తువ్వాలు మడిచి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మొదటి కాయ తెగింది. గొట్టంలోకి జారింది. మొదటి కుచ్చు దాటింది. రెండో కుచ్చు దగ్గర ఆగిపోయింది.

బుచ్చయ్య ఊపాడు. కదల్లేదు. ఇంకో కాయ కోస్తే అది మొదటిదాని మీద కూర్చుంది. పక్క చెట్ల కింద గంపలు నిండుతున్నాయి. బుచ్చయ్య ముఖానికి చెమటలు పట్టాయి. మా ఆయన తువ్వాలును రెండు చేతులతో నొక్కి పట్టుకున్నారు.

అప్పుడు బుచ్చయ్య తోటంతా వినపడేలా అరిచాడు.

"దీన్ని కుట్టినోడెవడో గానీ వాడికి కళ్లున్నాయా అసలు? ఉగాదినాటి కాయ, ఇప్పటి కాయ ఒకటేనా? కాయ ఊరదా మూడు వారాల్లో?"

తోటలో పని ఆగిపోయింది. చెట్ల మీదున్నవాళ్లు కొమ్మల్లోంచి తొంగి చూశారు. కుట్టినోడు అక్కడే నిలబడి ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చి బుచ్చయ్య నాలుక కరుచుకున్నాడు.

మా ఆయన తువ్వాలు తీశారు. ముఖమంతా నవ్వే. మా పెళ్లినాటి ఫొటోలో కూడా అంత నవ్వు లేదు. "రాశావా రాజ్యం?" అన్నారు.

అది మాకు ఎవరికీ తట్టలేదు. చిన్న కాయతో చూసి చూసి, ఆ కొలతకే కుట్టాం. మామిడి తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్లం, కాయ పెరుగుతుందన్న సంగతి మరిచిపోయాం. సవరమ్మ చీరను దగ్గరికి లాక్కుని కుచ్చుదారాలు మూడూ పళ్లతో పుటుక్కున తెంపేసింది. ఇరుకు లేకపోతే కాయ వేగంగా వచ్చి పడుతుంది కదా అని నేననేలోపే, కింద చీరను తన చేతికి రెండు చుట్లు చుట్టి, కాయ వచ్చే వేళకు వదులు చేసి, మళ్లీ బిగించి చూపించింది. కుచ్చు పని ఆమె చెయ్యే చేసింది.

చద్దన్నం వేళకు రాములు వచ్చాడు. మిగతావాళ్లు తలా ఆరు గంపలు నింపారు. బుచ్చయ్యవి నాలుగు. రాములు గంపల్ని చూశాడు, ఒక కాయ తీసి తొడిమ చూశాడు, తొక్క తిప్పి చూశాడు. సొన మచ్చ లేదు. కాయను మళ్లీ గంపలో పెట్టి పక్క చెట్టు దగ్గరికి వెళ్లిపోయాడు. బుచ్చయ్య అన్నం ముద్ద సగం తిని లేచాడు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి అతని చెట్టు కింద పదకొండు గంపలు. పక్క చెట్టు మీద కుర్రాడివి కూడా పదకొండే. బుచ్చయ్య కర్రను చెట్టుకు ఆనించి, ముంత ఎత్తి నీళ్లు తాగుతున్నాడు. వెనక నుంచి రాములు కేక వేశాడు.

"ఏంట్రా బుచ్చిగా, పెళ్లికొచ్చావా? ఆ తూర్పు కొమ్మలు నీ తాతొచ్చి కోస్తాడా? లే!"

చెట్ల మీద కిచకిచలన్నీ ఆగాయి. ఏడాదిగా ఆ తోటలో బుచ్చయ్యను పని కోసం ఎవరూ తిట్టలేదు. అందరూ మెల్లగా మాట్లాడారు, కూర్చోమన్నారు, నీళ్లిచ్చారు. బుచ్చయ్య ముంత దించాడు. మూతి తుడుచుకున్నాడు.

"వస్తన్నాలే మేస్త్రీ, అరవమాక! గుక్కెడు నీళ్లు కూడా తాగనియ్యవు!" అని అంతకంటే గట్టిగా అరిచి కర్ర అందుకున్నాడు. సవరమ్మ చీర పట్టుకుంటూ, "ఇద్దరికీ గొంతులు తగ్గాలి, నా చెవులు పోతన్నాయి" అంది. మధ్యాహ్నం ఎవరో గేటు దగ్గర మంచాన్ని లోపలికి తెచ్చి దాని మీద గంపలు పెట్టుకున్నారు.

పొద్దు వాలాక లారీకి కాయ ఎక్కించి అందరూ చెట్టు కింద చేరారు. రాములు ఎక్కడి నుంచో కుంకుమ భరిణె తెచ్చాడు. "సైకిలు బాబు దోటికి ఇప్పుడు పెట్టొచ్చుగా బొట్టు" అన్నాడు. మా ఆయన చెయ్యి చాపారు కూడా.

బుచ్చయ్య దోటిని వెనక్కి లాక్కున్నాడు.

"ఆగండాగండి. ఇప్పుడే బొట్టేంటండీ? దీంట్లో ఇంకా నాలుగు తప్పులున్నాయి."

మా ఆయన చాపిన చేతిని వెనక్కి తీసుకుని, తువ్వాలు మడిచి నోటి దగ్గర పెట్టుకుని, నావైపు చూశారు. నేను నోటుబుక్కు తెరిచాను. బుచ్చయ్య నేలమీద కాళ్లు చాపుకుని కూర్చుని, కర్రను ఒళ్లో పెట్టుకుని, మొదటి తప్పు చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగన్నవాడు తొమ్మిది చెప్పాడు. అవన్నీ అయ్యేదాకా మా ఆయన ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.